పొగ పెడితే పోతుందట!

రెండుసార్లు తలకి పోసుకున్నాను, ఇంకా కంపు పోలేదు. నవ్వకండి. గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని తీసే హ్యాచరీ మాది. పద్దెనిమిదో రోజు గుడ్లని సెట్టర్ (పొదిగే మెషీన్) నుంచి హ్యాచర్‌కి (పిల్లలు బయటికొచ్చే మెషీన్‌కి) మారుస్తున్నాం. ట్రే ఇలా లాగానో లేదో, ఒక గుడ్డు ఢామ్మని పేలింది. నా ముఖం సంగతి వదిలేయండి. ఆ పచ్చటి మురుగు కింది ట్రేల మీదకి ధార కట్టింది, ఇంకో మూడు రోజుల్లో పెంకు పగలగొట్టుకుని రావాల్సిన పిల్లల మీదకి.

సార్ వచ్చారు. ముక్కు మూసుకుని, గుమ్మంలోంచే తీర్పు: "ఏం కాదమ్మా, సాయంత్రం పొగ డబుల్ పెట్టేయండి."

పొగ! ఏ పాపం చేసినా ఫార్మలిన్ అనే క్రిమినాశక మందు పొగతో పోతుందని వీళ్ళ నమ్మకం. ఖాళీ మెషీన్‌కైతే ఒకటికి మూడింతల డోసు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? లోపల పిల్ల మొదటి ఊపిరి తీసుకోబోతుంటే డబుల్ అట. ఆ పొగ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మాకు ఇచ్చేది మాత్రం గుడ్డ మాస్కు. దోమలు రాకుండా బాగానే ఉంటుంది.

అసలు ఆ గుడ్డు ఎందుకు పేలిందని ఒక్కరైనా అడిగారా? కోడి గూట్లో కాకుండా నేల మీద పెట్టిన గుడ్డు, రెట్ట అంటుకుంది. ఫారంలో ఎవరో మహానుభావుడు తడిగుడ్డతో తుడిచి, మెరిపించి పంపాడు. "క్లీన్‌గానే ఉంది కదా మేడమ్!" ఉంది నాయనా, పెళ్ళికూతురిలా ఉంది. పెంకుకి వేల రంధ్రాలుంటాయి, వాటిని కప్పి సన్నటి పొర ఒకటుంటుంది. నువ్వు తుడిచేసింది ఆ పొరని. పైగా చన్నీళ్ళు. వెచ్చటి గుడ్డుకి చన్నీళ్ళు తగిలితే లోపలి సరుకు కుంచించుకుపోయి, పైనున్న తడిని బ్యాక్టీరియాతో సహా లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత మనమే దాన్ని 37.5 డిగ్రీల వెచ్చదనంలో, తేమ చూసుకుంటూ, రోజంతా అటూ ఇటూ ఊపుతూ సాకుతాం. గుడ్డుని కుళ్ళబెట్టే ఆ సూడోమోనాస్ బ్యాక్టీరియాకి అత్తారింట్లో కూడా ఇంత మర్యాద జరగదు.

ఆ గుడ్డు సెట్టర్ గడప తొక్కకూడదు, అంతే. ఇది చెబుదామనే సార్ వెనకాల పరిగెత్తాను. ఆయన పిల్లల గదిలోంచి తిన్నగా గుడ్ల గదిలోకి వెళ్ళిపోయారు. అవే బూట్లు! గుమ్మం దగ్గర ఫుట్‌బాత్ (బూట్లు ముంచే మందునీళ్ళ తొట్టి) ఉంది, టీ రంగు నీళ్ళు, పైన నూగు తేలుతోంది. అందులో మందు ఎప్పుడో చచ్చింది, చావాల్సినవి మాత్రం హాయిగా ఉన్నాయి. క్లోరిన్ కానీ ఇంకోటి కానీ, మురికి మీద పోస్తే మురికితోనే సరిపోతుంది. "ముందు ఊడ్చు, సబ్బునీళ్ళతో రుద్దు, కడుగు, ఆరనివ్వు, అప్పుడు మందు" అని గోడకి నేనే అంటించాను. దాని మీద ఇప్పుడు హాజరు పట్టిక అంటించారు.

నా మంట ఈ గుడ్డు గురించి కూడా కాదు లెండి. మొన్నామధ్య ఒక బ్యాచ్‌లో పిల్లలకి బొడ్డు మానక, పొట్టలు ఉబ్బి, మొదటి వారంలోనే రాలిపోయాయి. అప్పుడు అందరి వేళ్ళూ ట్రేలు కడిగే ఆడవాళ్ళ వైపే. అప్పటికి మూడు వారాలుగా వేడినీళ్ళ లైను పాడైపోయి ఉంది. ఎండి అట్టకట్టిన సొనని చన్నీళ్ళతో గోకీ గోకీ వాళ్ళ వేళ్ళ సందులు పుండ్లు పడ్డాయి. లైను బాగుచేయడానికి బడ్జెట్ లేదట. కొత్త ఫాగింగ్ మెషీన్‌కి మాత్రం ఉంది, రిబ్బన్ కట్టి మరీ కత్తిరించారు. ఉండబట్టలేక నేను ట్రేల మీద దూదిపుల్లతో స్వాబ్ తీసి, బ్యాక్టీరియా పెరిగిన ప్లేట్లు మీటింగులో పెడితే "భోజనాల ముందు ఇవెందుకమ్మా" అన్నారు. హ్యాచ్ శాతం (ఎన్ని గుడ్లు పిల్లలయ్యాయో ఆ లెక్క) బాగున్న నెల పొగడ్తలు మెషీన్‌కి, పిల్లలు చచ్చిన నెల తిట్లు వాళ్ళకి. వాళ్ళలో ఒకావిడ పనే మానేసింది.

ఇవాళ సార్ బూట్లు ఆగిన చోట కూడా స్వాబ్ తీశాను. ప్లేట్ లోపల పెట్టి వచ్చాను, ఎల్లుండికి బాగా కాస్తుంది. ఫొటో ఇక్కడే పెడతాను, భోజనాల టైమ్ చూసుకుని.

మళ్ళీ తలకి పోసుకోవాలి. షాంపూ అయిపోయింది.