మామగారి కాలి కొలత

చెప్పుల షాపుకెళ్లి "8వ నంబరు చూపించండి" అంటాం. ఏం ఎనిమిది, ఎక్కణ్ణుంచి ఎనిమిది అని ఎవరూ అడగరు. మా మామగారు అడుగుతారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. అంకె కనబడితే దాని వెనకాల ప్రమాణం ఏమిటో తేలేదాకా ఆయనకి అన్నం సయించదు.

నేనే వెతికి చెప్పాను. మనం వాడే ఈ నంబర్లు ఇంగ్లండు వాళ్లవి. వాటికి మూలం బార్లీ గింజ. మూడు గింజలు వరసగా పేరిస్తే అంగుళం. ఒక్కో నంబరుకీ ఒక్కో గింజ పెరుగుతుంది. 4 అంగుళాల దగ్గర సున్నా పెట్టి, 13 దాకా పిల్లల నంబర్లు లెక్కపెట్టి, ఆ పైన మళ్లీ ఒకటి నుంచి పెద్దవాళ్ల నంబర్లు మొదలెడతారు.

మామగారు కళ్లు మూసుకుని క్షణంలో కట్టేశారు. "అయితే ఎనిమిదంటే 33 గింజలు. 11 అంగుళాలు. నా పాదం పదిన్నర కూడా ఉండదే!"

"అది పాదం పొడవు కాదండీ, బూటు కుట్టే అచ్చు పొడవు. వేళ్ల ముందు కాస్త ఖాళీ వదలాలి కదా."

"అది సరే, పదమూడు తర్వాత ఒకటేమిటయ్యా? నా క్లాసులో ఎవడైనా అలా రాస్తే గోడకుర్చీ వేయించేవాణ్ణి."

అసలు గొడవ ఇంగ్లండు వాళ్లతో కాదు, మామగారి కుడికాలితో. బొటనవేలి మొదట్లో ఎముక పక్కకి పొడుచుకొచ్చి, వేలు తక్కిన వేళ్ల మీదికి వాలిపోయింది. ఎడమకాలు 8వ నంబరులో హాయిగా పడుతుంది, కుడికాలు 9కి కూడా లొంగదు. ఏ బూటు తొడిగినా ఆ బుడిపె దగ్గర కరుస్తుంది. ఇంతకాలం తోలు చెప్పులతో నెట్టుకొచ్చారు గానీ, మా బావమరిది పెళ్లికి సూటు కుట్టించారు. సూటు కింద చెప్పులేసుకుంటే ఊరుకోనని మా ఆవిడ పట్టుబట్టింది. కొలత ఇచ్చి చేయించుకోవడం తప్ప దారి లేదు.

సికింద్రాబాద్‌లో చేత్తో బూట్లు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ చాచా అంటారు. షాపు మూడో అంతస్తులో, మెట్లు నిటారుగా. మామగారి మోకాళ్లు అంతెత్తు ఒప్పుకోవు కాబట్టి చాచానే ఇంటికొస్తానన్నాడు. వచ్చేది మాత్రం సాయంత్రమే అన్నాడు. పొద్దంతా నడిచీ నిలబడీ పాదాలు పొద్దుటికంటే కొంచెం ఉబ్బుతాయి. పొద్దున్న కొలిచి కుడితే సాయంత్రానికి బిగుస్తుంది.

అలా శుక్రవారం నాడు, సరిగ్గా దీపాలు పెట్టేవేళకి, చాచా సంచీతో దిగాడు. సంధ్యవేళ ఇంట్లో చెప్పుల ప్రసక్తేమిటని అత్తయ్యగారు గొణిగారు. లక్ష్మీదేవి వచ్చే వేళట. లోపల వద్దు, వరండాలో కానివ్వమన్నారు. ఒక దేవతతో అలా రాజీ కుదిరింది. రెండో ఆవిడ సంగతి మాకింకా తెలీదు.

చాచా నేల మీద తెల్లకాగితం పరిచాడు. "మాస్టర్ సాబ్, రెండు కాళ్లూ పెట్టి నిలబడుండ్రి. బరువు రెంటి మీదా సమానంగ. కూసుని కొలిస్తే కొలతే కాదు, బరువు పడితేనే పాదం సాగుతది."

మామగారు కుడికాలు ఎత్తారు. ఎత్తినకాలు దించలేదు.

"కాగితం," అన్నారు.

"అవు సాబ్, కాయితమే."

"సరస్వతయ్యా! కాలు పెట్టమంటావేమిటి?"

బళ్లో పుస్తకం ఎవడి కాలికి తగిలినా తీసి కళ్లకద్దుకునేదాకా వదలని మనిషి. ఆయన చేత దెబ్బలు తిన్నవాళ్లలో ఇప్పుడు తాతలైనవాళ్లున్నారు. చాచా కూడా తలూపాడు. "మేమూ అంతే సాబ్, చదువు కదా. కానీ ఈ పనిల కాయితం లేకుంటే నడ్వదు."

ఒంటికాలి మీద నిలబడే మామగారు ఆలోచించారు. చివరికి తీర్పిచ్చారు: అక్షరం పడ్డ కాగితమే సరస్వతి, రాయని కాగితం ఉత్త కాగితం. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కాలు సగం దిగింది. ఈలోపు చాచా అలవాటు కొద్దీ కాగితం మూల మీద 'మాస్టర్ సాబ్' అని రాసి, కింద ఫోన్ నంబరు వేశాడు. కాలు మళ్లీ పైకి లేచింది.

మా ఆవిడ లోపల్నించి మడతపెట్టిన ఫ్లెక్సీ తెచ్చింది, మామగారి సన్మానానిది. వెనకవైపు తెల్లగానే ఉంది. "వెనకైతే మాత్రం! ముందు అక్షరాలు లేవూ?" అన్నారాయన. పైగా ఆయన ఫోటో కూడా ఉంది. అత్తయ్యగారు పాతపంచె పరిచారు. పెన్సిలు కదిలినప్పుడల్లా పంచె ముడతలు పడి గీత గోదావరి వంకర తిరిగింది.

పెద్ద షాపుల్లో ఇనప పళ్లెంలాంటిది ఉంటుంది, అందులో కాలు పెడితే చాలు కదా అని నేనన్నాను. దాన్ని 1920ల్లో అమెరికాలో సిరక్యూస్ ఊరి చార్లెస్ బ్రాన్నాక్ అనే ఆయన కనిపెట్టాడు, తండ్రికి చెప్పుల షాపు ఉండేది. చాచాకి ఆ పళ్లెం మీద గౌరవం లేదు. "అది పొడవు చెప్తది, వెడల్పు చెప్తది. మీగాలు ఎత్తెంతో దానికేం ఎర్క?" అన్నాడు. ఒకప్పుడు, 1920ల నుంచి 1950ల దాకా, అమెరికా, బ్రిటన్ షాపుల్లో కాళ్లకి ఎక్స్‌రే తీసి మరీ బూట్లు అమ్మేవాళ్లని, తర్వాత ప్రమాదమని మాన్పించారని కూడా చెప్పాను. మామగారికి అది తెగ నచ్చింది. "అదీ పద్ధతంటే. కాగితం లేదు, ముట్టుకోవడం లేదు." ప్రమాదమన్న మాట ఆయన చెవికెక్కలేదు.

చివరికి దారి చూపింది ఆయన వృత్తే. లెక్కల మాస్టారింట్లో సుద్దముక్కలకి కరువా? వరండా గచ్చు మీదే నిలబడితే చుట్టూ సుద్దతో గీసేసి, దాని మీద కాగితం పరిచి దించుకోవచ్చు. వెలుతురు కోసం మామగారు వీధివైపు తిరిగి నిలబడ్డారు.

చాచా కిందికి వంగి చీలమండ పట్టుకున్నాడు. కాళ్లకి చెయ్యి తగలగానే మామగారి నోటికి అలవాటైన "దీర్ఘాయుష్మాన్ భవ" వచ్చేసింది. అన్నాక చూసుకుంటే, చాచా తెల్లగడ్డం. "మీ వయసెంతండీ?" అని అడిగారు. చాచా చెప్పాడు. ఆయనే పెద్ద. పెద్దవాడి చేత కాళ్లు పట్టించుకున్నానని మామగారు నొచ్చుకుని, చటుక్కున వంగి చాచా చేతులు పట్టుకోబోయారు. అదే క్షణంలో చాచా తలెత్తాడు. ఠంగుమన్న చప్పుడు అత్తయ్యగారికి వంటింట్లోకి వినబడింది.

నుదురు రుద్దుకుంటూ ఇద్దరూ మళ్లీ మొదలెట్టారు. పాదం అంచు గియ్యడం చూడ్డానికి తేలికే గానీ, సుద్దముక్క నిటారుగా ఉండాలి. లోపలికి వాలితే కాలు తగ్గిపోతుంది, బయటికి వాలితే పెరిగిపోతుంది. సుద్ద అరికాలి వంపు దగ్గరికి రాగానే మామగారికి చక్కిలిగిలి. వేళ్లు పదీ ముడుచుకుపోయాయి. చాచా ఎంతమంది కాళ్లు చూశాడో! "సాబ్, పదిహేడో ఎక్కం వస్తదా మీకు?" అన్నాడు. వస్తుందా అని మా మామగారిని! ఆయన అందుకున్నారు. పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు దగ్గరికొచ్చేసరికి ఎడమకాలు పూర్తయింది, ఇరవయ్యో మెట్టుకి కుడికాలు అయిపోయింది. బుడిపె చుట్టూ చాచా సుద్దని ఎంత మెల్లగా తిప్పాడంటే, ఆ వంకర కూడా అందంగా కనబడింది నాకు.

కాఫీ తాగి కాగితం మీదికి దించుకుందామని అందరం లోపలికెళ్లాం. అసలు సంగతి అప్పుడే జరిగింది.

శుక్రవారం కదా, ఎదురింటి పిన్నిగారు ప్రసాదం గిన్నెతో వచ్చారు. వరండాలో గడప ముందు రెండు పాదాలు, పక్కనే సుద్దముక్క. మేం బయటికొచ్చేసరికి ఆవిడ చేతులు దులుపుకుంటున్నారు.

"ఏవమ్మా, శుక్రవారం పూట లక్ష్మీదేవి గడప దిగి పోతున్నట్టు వేశారేవిటి? పాదాలు లోపలికి రావాలి గానీ! చెరిపి తిప్పి వేశాను. ఏ చంటిది వేసిందో గానీ కుడికాలి వేలు బొత్తిగా వంకర, అదీ దిద్దాను."

చూద్దుం కదా, తడిగుడ్డతో తుడిచిన గచ్చు మీద ముచ్చటైన రెండు పాదాలు, ఒకదానికొకటి అచ్చు సమానం, ఇంట్లోకి నడిచొస్తున్నాయి. వేళ్లకి మెట్టెలు. మధ్యలో పద్మం. నాలుగు చుక్కల పసుపూ, కుంకుమా.

చాచా చాలాసేపు చూశాడు. "యా అల్లా! సాబ్ కాళ్లు లోపలికి పోయినయ్," అన్నాడు.

పిన్నిగారికి విషయం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆవిడ దణ్ణం పెట్టుకుని, అత్తయ్యగారికి గిన్నె ఇచ్చి వెళ్లిపోయారు. ఇక ఆ గచ్చు మీద పాదం మోపే ధైర్యం మామగారికెక్కడిది! అక్కడ పసుపుకుంకుమలు. ఇక్కడ కాగితం. చాచా టైము చూసుకున్నాడు.

అప్పుడు అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోంచే తేల్చేశారు. "రోజూ పొద్దున్న మంచం దిగుతూ 'పాదస్పర్శం క్షమస్వ మే' అని భూదేవిని అడిగి కాలు కింద పెడతారా లేదా? ఇవాళ సాయంత్రం సరస్వతిని అడిగి పెట్టండి. ఆవిడ మాత్రం వద్దంటుందా?"

ఇంత చదువుకున్న మనిషికి ఆ ముక్క తట్టలేదు. కొత్త కాగితం తెప్పించి, ముందు కళ్లకద్దుకుని, శ్లోకం చెప్పి ఎక్కారు. ఈసారి చాచా ఏమీ రాయలేదు. అంచు గీశాక సంచీలోంచి సన్నటి కాగితం పట్టీలు తీశాడు. పాతకాలం పద్ధతి: టేపు బదులు పట్టీని కాలికి చుట్టి, కలిసినచోట గోటితో చిన్న చింపు పెడతారు. వేళ్ల మొదళ్ల చుట్టూ ఒకటి, పాదం మధ్య సన్నటి చోట ఒకటి, మీగాలు మీదుగా ఒకటి, మడమ వెనకనుంచి మీగాలు పైకి ఏటవాలుగా ఒకటి. బూటులోకి కాలు దూరేది ఈ ఆఖరి దాని దయ మీదే. మామగారు ప్రతి పట్టీకీ ఒకసారి శ్లోకం చెప్పారు.

అచ్చు సంగతి కూడా అడిగారు. చెక్క అచ్చు మీద బుడిపె ఉన్నచోట తోలుముక్కలు అంటించి, అరగదీసి, కాలిలాగే తయారుచేస్తానన్నాడు చాచా. కుడికీ ఎడమకీ వేరువేరు అచ్చులు వాడడం 19వ శతాబ్దంలో గానీ ఊపందుకోలేదు. అంతకుముందు చాలాకాలం యూరప్ వాళ్లు రెండు కాళ్లకీ ఒకే ఆకారంలో కుట్టించుకునేవాళ్లు. మామగారి లాంటివాళ్లు ఎలా బతికారో. "అచ్చు షాపుల్నే ఉంటది సాబ్, మళ్లెప్పుడొచ్చినా కొలత అక్కర్లే," అంటే, "నేను పోయాక కూడా నా కాళ్లు నీ మూడో అంతస్తులో ఉంటాయన్నమాట! మోకాళ్లు నొప్పి లేకుండా," అన్నారు మామగారు.

పెళ్లికి వారం ముందు బూట్లొచ్చాయి. నల్లగా నిగనిగలాడుతున్నాయి. కుడిబూటుకి బుడిపె ఉన్నట్టు పైకి తెలియనే తెలియదు. మామగారు కాలు దూర్చారు. ఏ బూటూ చెయ్యని పని అది చేసింది, ఊరుకుంది. కరవలేదు. వరండా ఈ చివర్నించి ఆ చివరికి నడిచారు. ఆ నడకలో హెడ్మాస్టరు గది దర్జా కనబడింది.

"ఎన్నో నంబరివి?" అని అడిగారు.

"నంబరేంది సాబ్, ఇవి మీ కాళ్లు. నంబరుండదు, పేరుంటది. లోపల చూడుండ్రి."

బూటు విప్పి లోపలికి చూశారు. మడమ ఆనేచోట, తోలు మీద నల్లసిరాతో గుండ్రటి తెలుగు అక్షరాలు. ఎవరిచేతో రాయించినట్టున్నాడు, పూర్తి పేరు, తప్పు లేకుండా: వెంకటేశ్వర్లు మాస్టారు గారు.

అక్షరం. అందులోనూ దేవుడి పేరు. అదీ కాలికింద.

ఎవరం ఏమీ మాట్లాడలేదు. చాచాకి అర్థమైంది. "పేరు తీసేసి నంబరు వెయ్యమంటరా?" అన్నాడు బెదురుగా. మామగారు ఆశగా తలెత్తారు. "అంకెలైతే..." అని మొదలెట్టారు.

"ఇన్నాళ్లూ పిల్లలకి చెప్పింది ఆ అంకెలేగా? అవి చదువు కాకపోతే మనం తిన్న జీతం ఏమిటండీ?" అన్నారు అత్తయ్యగారు.

చాచా మారుమాట్లాడకుండా సంచీలోంచి తోలుముక్క తీసి, మడమ ఆకారంలో కత్తిరించి, రెండు పేర్ల మీదా అంటించాడు. కనబడకుండా పోయాయి. కానీ కింద ఉన్నాయని మామగారికి తెలుసు.

పెళ్లి వీడియోలో చూడండి. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి. విడిదింటి నుంచి మండపం దాకా బంధువులతో కలిసి మామగారు సూటూ బూటుతో వస్తుంటారు, మడమలు నేలకి ఆననివ్వకుండా, మునివేళ్ల మీద. ఆ వెనకే మా పెద్దత్తగారి గొంతు స్పష్టంగా రికార్డయింది:

"పాపం, కొలతిచ్చి చేయించుకున్నా కరుస్తూనే ఉన్నాయే!"