ఎయిర్‌లాక్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎయిర్‌లాక్ గారికి,

తమరు కొలువుదీరిన బీరు బకెట్‌కి తానే యజమానినని భ్రమపడుతున్న మనిషి నమస్కరించి రాయునది.

తమరి ఆస్తి ఎంతో నాకు తెలుసు. వంకర తిరిగిన ప్లాస్టిక్ గొట్టం, అందులో రెండు చెంచాల నీళ్లు. లోపలి కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి వదలడం, బయటి గాలిని లోపలికి రానివ్వకపోవడం తమరి డ్యూటీ. ఇంత చిన్న ఉద్యోగికి ఇంత దర్పం ఎలా వచ్చిందో మాత్రం అంతుబట్టడం లేదు.

మొన్న శనివారం ఏం జరిగిందో తమరే చూశారు. దంచిన మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, 66 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచాను. వడకట్టి ఇంకో గంట మరిగించాను. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు వేయగానే పొంగి స్టవ్ మీద పడింది. ఆ జిగురు ఇంకా వదల్లేదు. 20 డిగ్రీలకు చల్లార్చి, చక్కెరని తిని ఆల్కహాల్, గ్యాసు చేసే ఈస్ట్ అనే సూక్ష్మజీవిని చల్లి, మూత పెట్టి తమరిని గద్దె ఎక్కించాను. ఇక కడగడాలు, శానిటైజర్‌లో ముంచడాలు సరేసరి. బీరు కాయడమంటే ముప్పావు వంతు అంట్లు తోమడమేనని నాకు ముందుగా ఒక్కరూ చెప్పలేదు.

ఆదివారమంతా తమరు నోరు విప్పలేదు. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని తమరి ముందు గొంతుక్కూర్చున్నాను. ఒక్క బుడగ! ఒక్కటంటే ఒక్కటి! ఈస్ట్ చచ్చిపోయిందా, వేడి మీద వేసి నేనే చంపానా అని ఒకటే టెన్షన్.

సోమవారం ఉండబట్టలేక మూత తీశాను. మూడు వేళ్ల మందాన నురగ. ఈస్ట్ రెండు రోజులుగా వంచిన తల ఎత్తకుండా పని చేస్తోంది. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు ఒకచోట మడతపడింది, గ్యాసంతా అటు నుంచి పోతోంది. జనం పెరటి దారిన వెళ్లిపోతుంటే తమరు వీధి గుమ్మంలో మీసం దువ్వుకుంటూ కూర్చున్నారన్నమాట.

1516లో బవేరియా పాలకులు బీరులో నీళ్లు, బార్లీ, హాప్స్ తప్ప ఇంకేమీ వాడకూడదని శాసించినప్పుడు ఈస్ట్ పేరే ఎత్తలేదు. పాపం, బీరుని పులియబెట్టేది ఒక ప్రాణి అని వాళ్లకి తెలియదు. నాకు తెలిసీ, చేసే వాళ్లని వదిలేసి గుమ్మంలో వాళ్లకే సలాములు కొట్టాను.

రింగు సరిచేశాక గలగలా మాట్లాడారు. అయిదో రోజుకి మళ్లీ మౌనం. అయిపోయిందనుకుని సీసాలు కూడా కడిగేశాను. ఎందుకో అనుమానం వచ్చి, సాంద్రత కొలిచి చక్కెర ఎంత మిగిలిందో చెప్పే హైడ్రోమీటర్ వేస్తే 1.022! మొదట్లో 1.050. తమరి మాట నమ్మి అప్పుడే నింపి ఉంటే, మిగిలిన చక్కెర సీసాల్లో పులిసి ఒక్కొక్కటీ బాంబులా పేలేది. పన్నెండో రోజుకి 1.011కి దిగి, మూడు రోజులు అక్కడే నిలబడింది. అంటే ఆల్కహాల్ 5 శాతం పైచిలుకు, పని పూర్తి. సరిగ్గా అప్పుడే, గది కాస్త వేడెక్కి బీరులో కరిగున్న గ్యాసు పైకి రాగానే, తమరు మళ్లీ హడావిడి మొదలుపెట్టారు!

రేపు, బీరుకి కాస్త గ్యాసు పట్టడానికి, కొలిచి లీటరుకు 6 గ్రాముల చక్కెర మాత్రం కలిపి సీసాల్లో పోస్తున్నాను. అక్కడ తమరికి పని లేదు. సెలవు మంజూరు చేయడమైనది. ఇకపై హైడ్రోమీటర్ మాటే వింటాను, తమరి వంక కన్నెత్తి చూడను.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తా.క.: ఇప్పుడే 'బ్లుప్' అన్నారు కదూ? టార్చి ఎక్కడ పెట్టానో కనబడటం లేదు.