నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్ పీకమన్న మహానుభావుడికి

"మిస్సింగ్ వస్తోందా? షెడ్డుకెళ్ళి మోసపోకండి, ఈ ఏడు సూత్రాలు చాలు" అంటూ ఒక మెసేజ్ కార్లున్నవాళ్ళ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. చివర చేతులు జోడించిన బొమ్మ, "మీ ఆత్మీయులందరికీ పంపండి" అన్న విన్నపం. ఆత్మీయులు నిజంగానే పంపుతున్నారు. వద్దన్నా పంపుతున్నారు. పొద్దున ఒక గ్రూపులో పెట్టినవాళ్ళే సాయంత్రం ఇంకో గ్రూపులో పెడుతున్నారు. మిస్సింగ్ అంటే ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండక ఇంజిన్ తడబడటం. కాయిల్ అంటే బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచి స్పార్క్ ప్లగ్‌కి అందించే భాగం. సరే, ఒక్కసారికి ఒక్కో ముక్కా పట్టుకుని చూద్దాం.

ఏడో సూత్రంతో మొదలుపెడతాను, దాన్ని పారేయడం తేలిక కాబట్టి. "డీజిల్ బండ్లకూ ఇదే పద్ధతి." డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గే లేనప్పుడు కాయిల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? రాసినాయన ఎప్పుడైనా బానెట్ ఎత్తాడా అన్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది. మిగతా ఆరూ పెట్రోల్, సీఎన్‌జీ బండ్ల కోసమే రాశాడనుకుందాం.

"మిస్సింగ్ అంటే నూటికి నూరుపాళ్ళూ కాయిలే. ఆలోచించకుండా నాలుగూ మార్చేయండి." ఇది మొదటి సూత్రం. మిస్‌ఫైర్ (మిస్సింగ్) కోడ్ రాసుకునేటప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, కాయిల్ వంక చూడదు. అది చూసేది క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెన్సర్ చెప్పే వేగాన్ని. రెండో సిలిండర్ వంతు వచ్చినప్పుడు క్రాంక్‌కి అందాల్సిన తోపు అందక వేగం కాస్త తగ్గితే పి0302 (చివరి అంకె సిలిండర్ నంబరు) అని రాసుకుంటుంది, అంతే. ఎందుకు అందలేదో దానికి తెలియదు. కాయిల్ చచ్చి ఉండొచ్చు, ప్లగ్ అరిగి ఉండొచ్చు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, వాల్వ్ సరిగ్గా కూర్చోక కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) కారిపోతూ ఉండొచ్చు. పి0300 వచ్చిందంటే ఫలానా సిలిండర్ అని తేల్చుకోలేకపోయిందన్నమాట. అప్పుడు ముందు చూడాల్సింది ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే ఇంటేక్ దగ్గర లీకు, ఫ్యూయల్ ప్రెషర్. పి0351 నుంచి పి0354 దాకా వచ్చే కోడ్లు మాత్రం కాయిల్ సర్క్యూట్‌వి. అక్కడా "సర్క్యూట్" అన్న మాట మరవకూడదు. ఎలక కొరికిన వైరూ, చిలుమెక్కిన పిన్నూ సర్క్యూట్‌లో భాగమే.

కాయిలేనని తేల్చుకోవడానికి ఖర్చు పెట్టక్కర్లేదు, జాగాలు మారిస్తే చాలు. పి0302 ఉందనుకోండి. ముందు కోడ్లు చదివే స్కానర్‌లో కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఫోటో తీసి పెట్టుకోండి. ఎంత ఆర్‌పీఎం మీద, ఎంత వేడిలో, ఎంత లోడ్‌లో మిస్సయిందో అందులో ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక తాళం తీసేసి రెండో, మూడో సిలిండర్ల కాయిళ్ళ కనెక్టర్లు విప్పండి. ఏళ్ళ తరబడి వేడికి ఉడికిన ప్లాస్టిక్ కాబట్టి లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా వేలితో నొక్కి తీయాలి. చాలా బండ్లలో కాయిల్‌ని పట్టుకుని ఉండేది ఒక్క బోల్టు, 10 నంబరు స్పానర్‌కి వస్తుంది. బోల్టు తీశాక కాయిల్‌ని అటూ ఇటూ కొద్దిగా తిప్పి, రబ్బరు పట్టు వదిలాక నిటారుగా లాగండి. వంచి లాగితే ఆ రబ్బరు తొడుగు, అదే బూటు, చిరిగి కిందే ఉండిపోతుంది. రెండో దాన్ని మూడులో, మూడో దాన్ని రెండులో పెట్టి, కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న పరిస్థితిలోనే నడపండి. ఎత్తు ఎక్కుతూ మిస్సయిన బండిని ఇంటి ముందు ఐడిల్‌లో పెట్టి "బాగుంది" అనుకుంటే లాభం లేదు. కోడ్ పి0303కి మారిందా, దొంగ ఆ కాయిలే. ఒక్కటి కొనుక్కోండి. పి0302 దగ్గరే ఉండిపోయిందా, కాయిళ్ళని వదిలేసి అదే పద్ధతిలో ప్లగ్గులు మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. కంప్రెషన్ తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే చాలావరకు వాల్వులు. ఒకే కాయిల్ ప్యాక్ మీద 1-4, 2-3 సిలిండర్లు జతలుగా నడిచే ఇంజిన్లలో ఈ మార్పిడి కుదరదు. వాటిలో పి0301, పి0304 రెండూ కలిసి వస్తే ఆ జతకి స్పార్క్ ఇచ్చే కాయిల్‌నే ముందు అనుమానించాలి.

"నాలుగూ మార్చేయండి" అన్నదాంట్లో ఒక పావలా వంతు నిజం మాత్రం ఉందని ఒప్పుకోవాలి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండిలో ఒక కాయిల్ పోతే మిగతావీ అదే వయసువి, అదే వేడి తిన్నవి. చాలా వీ6 (రెండు వరసల్లో ఆరు సిలిండర్ల) ఇంజిన్లలో వెనక వరస కాయిళ్ళు ఇంటేక్ మానిఫోల్డ్ కింద ఉంటాయి. అది ఒకసారి విప్పాక ఒక్కటే మార్చి మూసేయడం తెలివితక్కువ పని. కానీ నాలుగు కాయిళ్ళూ ఎదురుగా కనబడే చిన్న కారులో, 40 వేల కిలోమీటర్లకి, సెట్టంతా మార్చమనడం వేరొకరి జేబు కదా అన్న ధైర్యమే.

ఇక రెండో సూత్రం. మిగతావన్నీ డబ్బు నష్టం, ఇది ఒంటికి నష్టం. "ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒక్కో కాయిల్‌నీ పైకి లాగండి. ఏది లాగినప్పుడు శబ్దం మారదో అదే పాడైంది. స్పార్క్ వస్తోందో లేదో ఇంజిన్ బాడీకి దగ్గరగా పట్టి చూడవచ్చు."

పట్టి చూడాలట. చేత్తో.

ఈ పద్ధతి పుట్టింది అంబాసిడర్, పద్మినీల కాలంలో. స్పార్క్‌ని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గులకి వైర్లు వెళ్ళేవి. పాత మేస్త్రీలు రబ్బరు తొడిగిన పట్టకారుతో ఒక్కో వైరూ ఎత్తి చెవి పెట్టి వినేవారు. పనిచేస్తున్న సిలిండర్‌ని ఆపితే ఇంజిన్ కుంగుతుంది, చచ్చినదాన్ని ఆపితే తేడా ఉండదు. ఆ తర్కం అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే. మారింది కాయిల్. ఇప్పటిది ప్లగ్ నెత్తినే కూర్చుంటుంది, దాని కింది కొస నుంచి 30, 40 వేల వోల్టుల దాకా వస్తాయి. నడుస్తుండగా పైకి లాగితే ఆ కరెంటుకి ప్లగ్ దొరకదు. ఇంజిన్ హెడ్ మీదికి దూకాలి, లేదా పట్టుకున్న చేతిలోకి. ఎండాకాలం చెమటచేతికి ఏది దగ్గరి దారో చెప్పక్కర్లేదు. షాక్ ఒక ఎత్తు, ఉలిక్కిపడి వెనక్కి లాగిన చెయ్యి ఫ్యాన్‌లోనో బెల్టులోనో పడటం ఇంకో ఎత్తు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్ జోలికి వెళ్ళనేకూడదు. ఈ మెసేజ్‌ని మహా ఉత్సాహంగా పంపుతున్నవాళ్ళలో రిటైరైన పెద్దలే ఎక్కువని గుర్తుచేస్తే బాగుండదేమో.

చెయ్యి బతికిపోయినా కాయిల్ బతకదు. దూకడానికి చోటు దొరకని కరెంటు లోపల్లోపలే ఒత్తిడి పెంచుకుని, చుట్టల మధ్య ఇన్సులేషన్‌ని చీల్చుకుని దారి చేసుకుంటుంది. కాయిల్ కరెంటుని తెరిచి మూసే ఇగ్నైటర్ కాయిల్‌లోనే ఉంటే అది పోతుంది, ఈసీయూలో ఉంటే ఈసీయూకి చిల్లు. పాడైన కాయిల్ ఒకటి వెతకడానికి వెళ్ళి మంచివి మూడు పాడు చేసుకుని రావడం మూలిగే నక్క మీద తాటిపండు వేయడమే. పైగా మండని పెట్రోల్ అంతసేపూ సైలెన్సర్ దారిలోకి పోతూనే ఉంటుంది. ఎక్కడో పైపు కారుతుంటే, పక్కనే మనం చేత్తో స్పార్క్ పట్టుకుని నిలబడి ఉంటాం. దీపావళి ఇంట్లోకే వస్తుంది.

అదే పరీక్ష సరిగ్గా చేయాలంటే ఇంజిన్ ఆపండి. ఒక సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీయండి. స్టార్ట్ చేసి పదిహేను, ఇరవై సెకన్లు వినండి. ఆపండి, తిరిగి పెట్టండి, తర్వాతి దానికి వెళ్ళండి. ఇంజెక్టరే ఆపేశాం కాబట్టి ఆ సిలిండర్ నుంచి పచ్చి పెట్రోల్ బయటికి పోదు, ఎవరి చేతికీ వేల వోల్టులు తగలవు. ఇంజెక్టర్లు మానిఫోల్డ్ కింద దాక్కున్న బండ్లలో స్కానర్‌తోనే ఒక్కో సిలిండర్‌నీ ఆపి చూసే సదుపాయం చాలావాటికి ఉంది. స్పార్క్ కళ్ళతో చూసి తీరాలన్నవాళ్ళకి క్లిప్పున్న స్పార్క్ టెస్టర్ కొన్ని వందలకే దొరుకుతుంది.

"మల్టీమీటర్‌లో రీడింగ్ వస్తే కాయిల్ మంచిదే" అన్నది మూడోది. పాత రెండు పిన్నుల కాయిల్‌కి కొంతవరకు పనికొస్తుంది. ప్రైమరీ చుట్ట సాధారణంగా రెండు ఓములలోపు, సెకండరీ చుట్ట కొన్ని వేల ఓములు. ఇప్పటి మూడు, నాలుగు పిన్నుల కాయిల్ లోపల ఎక్కువగా ఇగ్నైటర్ సర్క్యూట్ ఉంటుంది, మీటర్ ముల్లు పెట్టి ఓములు కొలిస్తే వచ్చే అంకెకి అర్థమే లేదు. రెండు పిన్నులదైనా, బల్ల మీద చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి ఇంజిన్ వేడెక్కి చుట్టలు వ్యాకోచించాక తెగిపోయే కాయిళ్ళు బోలెడు. పొద్దున స్టార్టింగ్ బ్రహ్మాండం, ఇరవై నిమిషాలయ్యాక ట్రాఫిక్‌లో కొట్టుకోవడం, ఇదీ వాటి వాలకం. అందుకే జాగాలు మార్చి చూడటమే గట్టి పరీక్ష.

నాలుగోది చదివితే ఒళ్ళు మండుతుంది. "చెక్ ఇంజిన్ లైటు మెరుస్తున్నా కంగారుపడకండి. బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసి పెడితే పోతుంది." పోతుంది. జ్వరం వచ్చిందని థర్మామీటర్ పగలగొట్టినా అంకె పోతుంది. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్, ఈసీయూ నేర్చుకున్న ఐడిల్ సెట్టింగులు అన్నీ చెరిగిపోతాయి, కాయిల్ మాత్రం చచ్చినట్టే ఉంటుంది. లైటు నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ మెరవడం వేరు. మెరుస్తోందంటే సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ పాడయ్యేంతగా మిస్సవుతోందని అర్థం. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. లోపలి వేడి వెయ్యి డిగ్రీలు దాటితే ప్లాటినం, పల్లాడియం పూత దెబ్బతింటుంది. ఇంకా పెరిగితే తేనెపట్టులాంటి సిరామిక్ కరిగి ముద్దై పొగ దారికే అడ్డం పడుతుంది. కాయిల్ వేలల్లో పోయేది, కన్వర్టర్ పదుల వేలల్లో పోతుంది. లైటు మెరిస్తే యాక్సిలరేటర్ వదలండి, ఏసీ ఆపండి. మెరుపు ఆగి నిలకడగా వెలిగితే మెల్లగా దగ్గర్లోని షెడ్డు దాకా వెళ్ళొచ్చు. ఆగకపోతే బండి పక్కకి ఆపి లాగించుకుపోవడమే. "తిరుపతి వెళ్ళొచ్చాక చూపిద్దాం" అంటే కొండ మీది హుండీలో వేయాల్సింది కూడా షెడ్డులోనే వేసి రావాలి.

ఐదోది, వైరు బ్రష్‌తో ప్లగ్ రుద్ది, స్పార్క్ దూకే గ్యాప్ పెంచితే పికప్ వస్తుందట. ఇరీడియం ప్లగ్ మధ్య ముల్లు అర మిల్లీమీటరు లావుంటుంది, బ్రష్ పెడితే అది కాస్తా పోతుంది. గ్యాప్ బండి పుస్తకంలో ఎంతుంటే అంతే, చాలావాటికి 0.8 నుంచి 1.1 మి.మీ. మధ్య. పెంచినకొద్దీ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఆ బరువంతా కాయిల్ మీదే పడుతుంది. సీఎన్‌జీ మీద అసలే పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజ్ కావాలి. అందుకే పెట్రోల్ మీద నున్నగా, గ్యాస్ మీద జర్కుగా నడిచే బండిలో ముందు చూడాల్సినవి అరిగిన ప్లగ్గులు, నీరసించిన కాయిల్. ఆ బండిలో గ్యాప్ పెంచమన్నవాడికి నమస్కారం.

ఆరోది, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్ల కాయిళ్ళు కాలిపోతున్నాయన్నది. కాయిల్‌కి పెట్రోల్ చుక్క కూడా తగలదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం ఇది. అయితే ఆ కోపం పూర్తిగా ఉత్తదని అనలేను. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజ్ కొంత తగ్గడం నిజమే. ఈ20 కోసం తయారుకాని పాత బండ్లలో రబ్బరు పైపుల సంగతి అడగడమూ న్యాయమే. మిస్సింగ్ కూడా రావచ్చు. నెలల తరబడి కదలని బండి ట్యాంకులోకి నీరు చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి విడిపోయి అడుగుకి దిగుతుంది, పంపు లాగేది అడుగు నుంచే. అప్పుడు వచ్చేది పి0300. దానికి మందు ట్యాంకు ఖాళీ చేయడం, కొత్త కాయిల్ కొనడం కాదు.

ఏడు సూత్రాల్లోనూ కనబడని ప్రశ్న ఒకటుంది, ఆ కాయిల్ ఎందుకు చచ్చింది అని. కాయిల్ పైకి తీసినప్పుడు బూటు చివర చూడండి. నూనె జిడ్డుంటే వాల్వ్ కవర్‌లో ప్లగ్ గొట్టాల సీళ్ళు కారుతున్నాయి. అవి మార్చకుండా కొత్త కాయిల్ పెడితే దాని రబ్బరూ అలాగే మెత్తబడిపోతుంది. తుప్పు, తెల్లటి మరకలుంటే వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్‌తో నీళ్ళు కొట్టిన ఫలితం. ప్లగ్ తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు పైనుంచి కిందికి నల్లటి సన్నని గీత ఉంటే స్పార్క్ ఆ గీత వెంట పక్కదారి పట్టింది. బూటు లోపల సరిగ్గా దానికి ఎదురుగా ఇంకో గీత ఉంటుంది, అందుకని ప్లగ్గూ బూటూ రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాని మీద మళ్ళీ గీత గీస్తుంది. పింగాణీ అడుగున, ఇనుప భాగానికి ఆనుకుని గుండ్రంగా గోధుమరంగు మరక ఒక్కటే ఉంటే అది లీకు కాదు, బాగున్న ప్లగ్గుకీ వచ్చేదే. దాన్ని చూపించి ప్లగ్గులు అమ్మేవాళ్ళున్నారు.