నెలజీతం కాపలాదారు గారికి

ఐడెంటిటీ ప్రొటెక్షన్ సర్వీసు గారికి,

డల్లాస్ నుంచి నమస్కరించి రాయునది. నేనిక్కడ క్షేమం. మొన్న మీరు పంపిన ఈమెయిల్లో నా రిస్క్ 'మోడరేట్' అని ఉంది కాబట్టి ఓ మాదిరి క్షేమం అనుకుందాం.

నా పేరుతో ఇంకొకడు అప్పులు చేయకుండా కాపలా కాస్తామనే మీలో ఎవర్ని పెట్టుకోవాలో తేల్చుకుందామని శనివారం రాత్రి అన్నం తిన్నాక ఎక్సెల్ షీట్ తెరిచాను. ఆరు కంపెనీలు, పద్నాలుగు కాలమ్స్. పెళ్లి పట్టుచీరల షాపులో కూడా అంతసేపు కూర్చోలేదు. అందరూ పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ అనేవాళ్లే, అందరూ దొంగిలించిన వివరాలు అమ్ముకునే డార్క్ వెబ్‌ని జల్లెడ పట్టేవాళ్లే, అందరి దగ్గరా మొదటి ఏడాది రేటు బోర్డంత, రెండో ఏడాది రేటు చీమ తలకాయంత. చవక ప్లాన్ తీసుకుంటే మన అప్పుల చిట్టా రాసిపెట్టే మూడు క్రెడిట్ బ్యూరోల్లో ఒక్కదాన్నే చూస్తారట. ఇంటికి మూడు గుమ్మాలుంటే వాచ్‌మన్ ఒక్క గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుంటాడు, మిగతా రెండింటికీ ఎక్స్‌ట్రా. మా ఆవిడ తొంగి చూసి, "ఇందులో దొంగని ఆపే కాలమ్ ఏది?" అంది.

లేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు, కానీ ఆ కుక్కలు పాపం నెలనెలా కార్డు గీకేవి కావు. (మీలో కొందరు నిమిషాల్లోనే మొరుగుతారు, కాదనను. దోపిడీ జరిగాక బ్యాంకుల చుట్టూ తిరిగే ఓపిక లేనివాళ్లకి మీ మనిషి తోడుంటే మంచిదే.)

సరే, ఒకరి దగ్గర చేరాను. నా వివరాలు ఎవరికీ తెలియకుండా కాపాడాలంటే ముందు అవన్నీ మీకు చెప్పాలన్నారు. సోషల్ నంబర్ (అమెరికాలో మన ఆధార్ లాంటిది), పాస్‌పోర్టు, లైసెన్సు, బ్యాంకు అకౌంట్లు, ఆఖరికి మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు కూడా. అది రహస్యమట! మా పెళ్లి శుభలేఖలో మేనమామల పేర్లు ఇంటిపేర్లతో సహా అచ్చేయించి ఎనిమిది వందల మందికి పంచాం సార్.

మీ వంశచరిత్ర కూడా చదివాను. మీలాంటి కంపెనీయే అయిన లైఫ్‌లాక్ సీఈఓ ఒకాయన ధైర్యంగా తన సోషల్ నంబర్ని ప్రకటనల్లో వేయించుకున్నాడు, ఆయన పేరుతోనే కనీసం 13 సార్లు మోసం జరిగిందని 2010లో పత్రికలు రాశాయి. అదే ఏడాది ప్రకటనల్లో అబద్ధాలు చెప్పారన్న కేసులో ఆ కంపెనీ కోటీ 20 లక్షల డాలర్లకు రాజీ పడింది, ఆ రాజీతో వచ్చిన కోర్టు ఉత్తర్వునే మీరిందన్న కేసులో 2015లో మరో 10 కోట్లు. ఇక 2017లో 14.7 కోట్ల మంది వివరాలు పోగొట్టిన ఈక్విఫాక్స్ (ఆ మూడు బ్యూరోల్లో ఒకటి) మాకిచ్చిన ఓదార్పు ఏమిటి? ఏడాది పాటు ఉచితంగా మీలాంటి సర్వీసే.

ఇంతకీ ఆ గుమ్మాలకు తాళం ఊరికే దొరుకుతుందని మీరు పెద్ద అక్షరాల్లో ఎందుకు చెప్పరు? 2018 సెప్టెంబరు నుంచి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింట్లోనూ క్రెడిట్ ఫ్రీజ్, అంటే మన పేరుతో కొత్త అప్పు పుట్టకుండా చిట్టాకి వేసే తాళం, ఉచితం. లోన్ కావాల్సి వచ్చి ఆన్‌లైన్లో ఎత్తేయమంటే గంటలోపు ఎత్తేయాలని చట్టం. నా పేరుతో ఇంకొకడు ట్యాక్స్ రిఫండ్ కొట్టేయకుండా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఏటా ఇచ్చే ఆరంకెల పిన్ కూడా ఉచితమే. ఉన్న కార్డుని ఎవడైనా వాడితే ఫ్రీజ్ ఆపలేదు, దానికి బ్యాంకు యాప్‌లో అలర్ట్ పెట్టుకుంటే సరి. మూడు సైట్లూ కలిపి నాకు ముప్పావుగంట పట్టింది, అందులో సగం పాస్‌వర్డులు మర్చిపోయినందుకు.

ఆ తర్వాత మిమ్మల్ని మానేద్దామని చూశాను. చేరడానికి ఒక్క క్లిక్కు, మానడానికి మాత్రం ఫోన్ చేయాలి. ముప్పై నిమిషాలు సంగీతం వినిపించి, రెండు నెలలు ఫ్రీ అని బతిమాలి, చివరికి అకౌంట్ మూసేశారు. "మరి నా వివరాలు?" అని అడిగాను.

"అవి మా దగ్గరే భద్రంగా ఉంటాయి సార్."

ఇట్లు,
మీ మాజీ కస్టమర్