బేస్ నిలబడి ఉన్నంతసేపూ రికార్డింగ్ ఆన్‌లోనే ఉండాలి

బెంగళూరు చుట్టూ హోస్కోటె, దేవనహళ్లి, సర్జాపుర, ఆనేకల్ వైపు కొత్త లేఅవుట్ల సర్వే ఇప్పుడు ఎక్కువగా ఆర్‌టీకే పద్ధతిలోనే, అంటే శాటిలైట్ సిగ్నళ్లతో అప్పటికప్పుడే కచ్చితంగా కొలిచే పద్ధతిలోనే జరుగుతోంది. ట్రైపాడ్ మీద కదలకుండా ఉండే బేస్ రిసీవర్ పెడతారు, రోవర్ అనే రెండో రిసీవర్ పట్టుకుని హద్దురాళ్ల వెంట నడుస్తారు. తెరపై ‘ఫిక్స్‌డ్’ అని పడితే, బేస్‌తో పోల్చి ఆ పాయింటు ఎక్కడుందో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఇక్కడ స్థలాలు కొనేవాళ్లలోనూ కొలిచేవాళ్లలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. అందుకే ఈ మాట వాళ్లకు గట్టిగా చెప్పాలనిపిస్తోంది: బేస్ రోవర్‌కు సవరణలు పంపుతున్నంతసేపూ శాటిలైట్ల రా డేటాను (అందిన సిగ్నళ్ల అసలు కొలతలను) తన మెమరీలో కూడా రాసుకుంటూ ఉండాలి. అది లేని సర్వేను పూర్తయిన సర్వేగా ఒప్పుకోకూడదు.

ఆర్‌టీకే కొలిచేది బేస్ నుంచి రోవర్‌కు ఉన్న దూరాన్నీ దిశనూ. బేస్ తానెక్కడున్నానని అనుకుంటోందో అది తప్పైతే, అన్ని పాయింట్లూ అదే తప్పుతో పక్కకు జరుగుతాయి. దగ్గర్లో నమ్మకమైన కంట్రోల్ పాయింట్ (ముందే కచ్చితంగా స్థానం తెలిసిన గుర్తు) లేనప్పుడు చాలామంది ఒక బటన్ నొక్కి, రిసీవర్ తనంతట తాను లెక్కగట్టిన స్థానాన్నే బేస్‌కు ఇచ్చేస్తారు. అందులో మీటర్లలో తేడా ఉండొచ్చు. లేఅవుట్ లోపల పొడవులు, విస్తీర్ణం అన్నీ సరిగ్గానే వస్తాయి కాబట్టి ఆ తేడా ఎవరి కంటికీ పడదు. పక్క సర్వే నంబరును ఇంకో సంస్థ ఇంకో బేస్‌తో కొలిచి, రెండు డ్రాయింగులనూ ఒకచోట పెట్టినప్పుడు బయటపడుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, లేదా మధ్యలో ఎవరిదీ కాని ఖాళీ మిగులుతుంది. ముప్పై బై నలభై అడుగుల సైటులో నలభై అడుగుల హద్దు ఒక్క మీటరు జరిగితే పోయేది 131 చదరపు అడుగులు. 1200లో పదో వంతుకు పైనే. అప్పు చేసి కొన్నవాళ్లకు అది ఏళ్ల తరబడి టెన్షన్.

బేస్ రా డేటా ఉంటే ఈ తప్పును ఆఫీసులో కూర్చునే దిద్దవచ్చు. బేస్ ఎలాగూ గంటల తరబడి ఒకేచోట కదలకుండా నిలబడుతుంది. రిసీవర్‌ను ఒకేచోట చాలాసేపు ఉంచి కొలిచే స్టాటిక్ సర్వేకు కావలసింది కూడా అదే. ఆ ఫైలును సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ స్టేషన్ల (నిరంతరం నడిచే శాశ్వత రిసీవర్ల) డేటాతోనో, ఇక్కడి ఐఐఎస్‌సీలో ఉన్న ఐజీఎస్ అనే అంతర్జాతీయ నెట్‌వర్క్ స్టేషన్ డేటాతోనో కలిపి ప్రాసెస్ చేస్తే బేస్ అసలు స్థానం తెలుస్తుంది. జియోసైన్స్ ఆస్ట్రేలియా నడిపే ఆస్‌పాస్ అనే ఆన్‌లైన్ సేవకు రెండు గంటలకు తగ్గని ఫైలు పంపినా ఉచితంగా లెక్కగట్టి ఇస్తుంది. వచ్చిన తేడాను అన్ని పాయింట్లకూ కలిపేస్తే చాలు, మళ్లీ ఫీల్డుకు వెళ్లే పని లేదు. పక్క లేఅవుట్ వాళ్లూ ఇదే చేసి ఉంటే రెండు హద్దులూ ఒకే లెక్కలోకి వస్తాయి.

నేరుగా కోర్స్ నెట్‌వర్క్ నుంచే సవరణలు తీసుకుంటున్నాం కదా, మాకు బేస్ ఎందుకు అని కొందరు అడుగుతారు. నిజమే, బేస్ తప్పు పోతుంది. కానీ ఆ పద్ధతికి మొబైల్ ఇంటర్నెట్ కావాలి, ఊరు దాటాక సిగ్నల్ అన్నిచోట్లా అందదు. బెంగళూరు, చెన్నై అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటంతో ఇక్కడి అయనోస్ఫియర్ (సిగ్నళ్లు దాటి వచ్చే పై వాతావరణ పొర) కూడా అంత నిలకడగా ఉండదు. 2024 ప్రాంతంలోలా సూర్యుడు జోరుగా ఉన్న ఏళ్లలో ఫిక్స్ ఊరికే జారిపోతుంది. రోవర్‌లోనూ రా డేటా రాసుకుంటే తర్వాత మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ రెండుసార్లు ప్రాసెస్ చేసి ఫలితాలను సరిచూసుకోవచ్చు. బేస్‌లో సెకనుకోసారి రాయమని పెట్టాలి. 30 సెకన్లకోసారి రాస్తే బేస్ స్థానానికి సరిపోతుంది గానీ, నడుస్తున్న రోవర్‌కు చాలదు.

రా డేటా ఉంటే అన్నీ సరవుతాయని కాదు. చెట్టు కిందా, అపార్ట్‌మెంట్ గోడ పక్కా తీసిన చెడ్డ సిగ్నల్‌ను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. యాంటెన్నా ఎత్తు తప్పు రాసుకుంటే పాయింట్ల ఎత్తులన్నీ తప్పే. అందుకే టేపు పెట్టి కొలిచేటప్పుడు ఫోటో తీసి ఉంచాలి, నిటారుగా కొలిచారా ఏటవాలుగా కొలిచారా అన్నదీ రాయాలి.

తేదీ కూడా ముఖ్యమే. భారత ఫలకం (మన నేలను మోస్తున్న భూమి పైపొర ముక్క) ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. రాళ్లన్నీ కలిసే కదులుతాయి కాబట్టి పొలం మారదు. ప్రపంచ ప్రమాణంలో రాసిన కోఆర్డినేట్లు మాత్రం పదేళ్లలో అర మీటరు మారతాయి. ఏ తేదీనాటి లెక్కో రాసి లేకపోతే, రేపు కోర్టులో ఆ అర మీటరునే కబ్జా అనవచ్చు.

ఈ నేల మీద కొలతను సరిచూసుకోవడం కొత్త కాదు. 1802లో చెన్నై సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్‌తో (నేల మీద నేరుగా కొలిచిన మూలరేఖతో) త్రికోణాల సర్వే మొదలుపెట్టిన ల్యాంబ్టన్ బృందం, 1804లో బెంగళూరు దగ్గర ఇంకో బేస్‌లైన్ కొలిచి తమ లెక్కను పరీక్షించుకుంది. అప్పుడు దానికి గొలుసులు మోసే మనుషులు కావలసి వచ్చారు. ఇప్పుడు మెనూలో ఒక ఆప్షన్ ఆన్ చేయాలి, అంతే. చాలా రిసీవర్లలో దానికి అదనపు ఖర్చు లేదు. రాత్రి ఫైళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఓపిక కావాలి.

క్లయింట్ అడగడు కాబట్టి సర్వేయర్ ఇవ్వడు. అందుకే అడగాల్సింది కొనేవాళ్లే. వర్క్ ఆర్డర్‌లోనే రాయించండి: డ్రాయింగ్‌తో పాటు బేస్, రోవర్ రైనెక్స్ ఫైళ్లు (ఏ కంపెనీ సాఫ్ట్‌వేరైనా చదవగలిగే రూపంలోని రా డేటా), యాంటెన్నా మోడల్, ఎత్తు, సర్వే తేదీ, బేస్‌కు ఏ కోఆర్డినేట్లు ఇచ్చారో, అవి ఎక్కడివో. ఆ కాపీని సేల్ డీడ్ ఉన్న ఫైల్లోనే పెట్టుకోండి.