సవరణ: శాంటా ఆనా ఫొటోను ‘మోసం’ అన్నది ఎవరు?

మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. 1965 ఆగస్టు 3న కాలిఫోర్నియాలోని శాంటా ఆనా దగ్గర రోడ్ల శాఖ ఉద్యోగి రెక్స్ హెఫ్లిన్ తన బండిలోంచి తీసిన ‘టోపీ’ ఆకారపు ఎగిరే పళ్లెం (యూఎఫ్ఓ, అంటే ఏమిటో తేలని ఆకాశ వస్తువు) ఫొటోల గురించి రాస్తూ, “అది కెమెరా లెన్స్ మూతేనని కాండన్ కమిటీ తేల్చేసింది” అన్నాను. ఇలాంటి యూఎఫ్ఓ కథనాలను పరిశీలించిన ఆ శాస్త్రవేత్తల కమిటీ అలా తేల్చలేదు.

మోసం అని ముద్ర వేసింది అమెరికా వైమానిక దళం, యూఎఫ్ఓలు కనిపించాయన్న కబుర్ల మీద తాను నడిపిన ‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’ విచారణలో. కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేసిన కాండన్ కమిటీ వేరు. దానికి డబ్బిచ్చింది వైమానిక దళమే కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టేశాను. పొరపాటు నాదే.

లెన్స్ మూత సంగతి మాత్రం నిజం. కమిటీ తరఫున ఫొటోలు పరిశీలించినాయన మూతను సన్నటి దారంతో వేలాడదీసి, దాదాపు అలాంటి ఫొటోనే తీసి చూపించాడు. అంటే అలా తీయడం సాధ్యమని చూపించాడు, అంతే. హెఫ్లిన్ అలాగే తీశాడని కాదు. ఈ ఫొటోలు ఏ వైపుకూ సాక్ష్యంగా నిలవవన్నది 1969లో అచ్చయిన కమిటీ నివేదిక సారాంశం. నేను చదివింది ఆ నివేదిక కాదు, దాని మీద ఎవరో రాసిన వ్యాసం. ఈసారి నివేదికలోని ఆ అధ్యాయమే తీసి చూశాను.

ఇంకో మాట. “నెగెటివ్ చూస్తే తేలిపోయేది కదా” అని కొందరు అడిగారు. అది పోలరాయిడ్ కెమెరా. మామూలు ఫిల్ములా కడిగి చూసుకునే నెగెటివ్ ఉండదు, చేతికొచ్చిన ప్రింటే అసలు ప్రతి.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.