తీవ్రమైన ప్రేమతో గద్దిస్తున్నాం

అమెరికాలో మెథడిస్టు శాఖ క్రైస్తవులు ఇకనుంచి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటే మంచిది. బెంగళూరు మారతహళ్లిలో, టైల్స్ షాపు పైన, రెండో అంతస్తులో అద్దెకుంటున్న మా తెలుగు సహవాసం వాళ్లని గద్దించేసింది. ఏదో మాటవరసకి కాదు. తీర్మానం రాసి, పదకొండు మంది పెద్దలు సంతకాలు పెట్టి, ఆదివారం ఆరాధనలో మైకుకి ఎకో పెట్టి మరీ గద్దించింది.

గద్దింపు అంటే ఏంటో బయటివాళ్లకి తెలియకపోవచ్చు. ఇళ్లలో తిట్టడం అంటారు, ఆఫీసులో క్లాసు పీకడం అంటారు. అదే పని చేతిలో బైబిలు పట్టుకుని చేస్తే గద్దింపు. తిడితే నోరు పాడవుతుంది, గద్దిస్తే పరలోకంలో బహుమానం జమవుతుంది. అందుకే మా పెద్దలెవరూ జన్మలో ఎవర్నీ తిట్టి ఎరగరు.

ఇంతకీ మెథడిస్టులు చేసిందేంటంటే, 2024 మే 1న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో సభ పెట్టుకుని, స్వలింగ సంపర్కులు పాస్టర్లు కాకూడదని 1984 నుంచి ఉన్న నిషేధాన్ని 692–51 ఓట్లతో ఎత్తేశారు. ఈ విషయం మీద వాళ్లు 1972 నుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు, ఓటింగుకి ముందే అమెరికాలో వాళ్ల సంఘాల్లో దాదాపు నాలుగోవంతు విడిపోయి వెళ్లిపోయాయి. యాభై ఏళ్ల తగువు. మావాళ్లకి మూడు ఆదివారాలు సరిపోయాయి. మా సహవాసంలో గుంటూరు వైపు లూథరన్లున్నారు, ఒంగోలు వైపు బాప్టిస్టులున్నారు, ఎటూ కాని నాలాంటివాళ్లున్నారు, మెథడిస్టు అనేవాడు మాత్రం ఒక్కడూ లేడు. గద్దించడానికి అదేం అడ్డం కాదు.

మొదటి ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు ఎజెండాలో మొదటిది లిఫ్టు రిపేరు, రెండోది కింద షాపువాడు ఆదివారం కూడా గ్రానైటు కోస్తున్నాడు ప్రసంగం వినపడటం లేదన్న ఫిర్యాదు. రెండూ వాయిదా. సెక్రటరీ గారు రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, ఏ కాగితం మీదైనా ముందు తేదీ వేసి, దాని కింద రెండు గీతలు గీసిగానీ నోరు తెరవరు. గీతలు గీసి, "అమెరికా విషయం" అన్నారు.

ఖండిస్తున్నాం అందామా, గద్దిస్తున్నాం అందామా? ఖండించడం రాజకీయ పార్టీలు చేసే పని, ఆత్మీయంగా ఉండదని ఒకరన్నారు. గద్దించాలంటే వాళ్ల మీద మనకి అధికారం ఉండాలి కదా అని ఇంకో ఆయన నసిగితే, ఆయన్ని అందరూ కలిసి గద్దించి కూర్చోబెట్టారు. పాస్టరమ్మగారు మెల్లిగా, "ప్రేమతో అని ఒక మాట పెడితే బాగుంటుందేమో" అన్నారు. ట్రెజరర్ గారు వెంటనే, "ప్రేమతో అంటే పలచబడిపోద్దమ్మా" అన్నారు, అదేదో పప్పుచారు గురించి చెబుతున్నట్టు. ఈ ఒక్క మాట మీద గంటా పది నిమిషాలు నడిచింది. టైము నాకు ఖచ్చితంగా ఎందుకు తెలుసంటే, కమిటీకి బిరియానీ ప్యాకెట్లు తెచ్చే సేవ నాది, అవి నా ఒళ్లోనే చల్లారిపోయాయి. చివరికి రాజీ కుదిరింది: "తీవ్రమైన ప్రేమతో గద్దిస్తున్నాం."

రెండో ఆదివారం ఇంగ్లీషు. సాఫ్ట్‌వేర్ బ్రదర్ ఒకతను ఫోన్లో పెట్టి తర్జుమా చేస్తే "వి ఆర్ స్కోల్డింగ్ యూ విత్ సివియర్ లవ్" అని వచ్చింది. సివియర్ అనేది జ్వరానికి వాడతారు కదా అని పాస్టరమ్మగారికి అనుమానం. కవరు మీద "టు, ది మెథడిస్ట్స్, అమెరికా" అని రాశారు. పిన్‌కోడ్ లేకుండా కవరు అంటించడానికి సెక్రటరీ గారికి చేతులు రాలేదు. అడ్రసు కోసం ట్రెజరర్ గారు టెక్సస్‌లో ఉన్న అల్లుడికి ఫోన్ కలిపారు, అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టారు, అదే ఆయన చేసిన తప్పు.

"మామయ్యా, మా తెలుగు ఫెలోషిప్ జరిగేదే వాళ్ల హాల్లో కదా. ఆదివారం మధ్యాహ్నం దాదాపు ఊరికే ఇస్తున్నారు, ఏసీతో సహా. నీకు దణ్ణం పెడతాను, ఆ లెటరు ఇటు మాత్రం పంపించకు."

స్పీకర్ ఆపేలోపే పదకొండు మందీ విన్నారు. కాసేపు బిరియానీ ప్యాకెట్ల రబ్బరు బ్యాండ్లు తీస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ట్రెజరర్ గారికి ఒక ప్రత్యక్షత కలిగింది. గద్దింపు ఆత్మలో వెళ్తుంది, దానికి పోస్టుతో పని లేదు! కాబట్టి అమెరికా వాళ్లని గద్దించే ఆ కాగితాన్ని అమెరికాకి పంపకుండా, అమెరికా వాడెవడూ లేని మా హాల్లో చదవాలని ఏకగ్రీవంగా తేల్చారు.

మూడో ఆదివారం చదివారు. చదివే ముందు సెక్రటరీ గారు కీబోర్డు అబ్బాయి వైపు చూసి, రెండు వేళ్లు కిందకి ఊపారు. సన్నగా మ్యూజిక్ పెట్టు అని దాని అర్థం. మా దగ్గర ప్రార్థనకైనా ప్రకటనలకైనా కింద మ్యూజిక్ ఉండాల్సిందే, పోయిన నెల పార్కింగ్ గురించి చేసిన ప్రకటనకి కూడా ఉంది. ఆ అబ్బాయి వాల్యూం తగ్గించి, వయొలిన్ల టోను పెట్టి, ఎడమచేత్తో రెండు స్వరాలు నొక్కి పట్టాడు. సెక్రటరీ గారు "హేయమైన" అన్నప్పుడల్లా హాలు "ఆమేన్" అంటోంది. అబ్బాయి తల ఎత్తలేదు. స్వరం తప్పలేదు.

ఆ అబ్బాయి సంగతికి తర్వాత వస్తాను. వస్తే ఇలా నవ్వుతూ రాయలేను కాబట్టి ముందు మిగతాది చెప్పేస్తాను.

నువ్వేంటి, వాళ్ల పార్టీయా అని అడుగుతారు, తెలుసు. మా తాత పల్లెటూళ్లో ఉపదేశి, ఆయన నేర్పినదేదీ నేను పారేయలేదు. బైబిల్లో ఈ విషయం గురించి ఉన్న గ్రీకు మాటల అర్థాల మీద పండితులు కొట్టుకుంటున్నారు, తేలేదాకా కొట్టుకోనివ్వండి. మా సహవాసం వదిలేసి, కాఫీ ఇచ్చే ఇంగ్లీషు చర్చికి వెళ్లిపోయి అక్కణ్ణుంచి మమ్మల్నందర్నీ బూజు పట్టిన బుర్రలని నవ్వుకునే కుర్రాళ్ల మీదా నాకు పెద్ద గౌరవం లేదు, వాళ్లదీ దూరం నుంచి గద్దించడమే. నా గొడవల్లా మావాళ్లు చదివే పద్ధతి మీద. దేన్నైనా సగమే చదువుతారు.

ట్రెజరర్ గారికి నోటికొచ్చిన వాక్యం "ఖండించుము, గద్దించుము, బుద్ధిచెప్పుము". రెండో తిమోతి నాలుగో అధ్యాయం, రెండో వచనం. ఇరవై ఏళ్లుగా ఆయన మొదలుపెట్టేది "ఖండించుము" దగ్గరే. మన తెలుగు బైబిల్లో ఆ మాటకి సరిగ్గా ముందు ఏముందో తెలుసా? "సంపూర్ణమైన దీర్ఘశాంతముతో ఉపదేశించుచు." తెలుగు చేసినవాళ్లెవరో గానీ మావాళ్ల సంగతి ముందే తెలిసినట్టు శాంతాన్ని ముందు పెట్టి ఖండించడాన్ని తర్వాత పెట్టారు, దాన్ని దాటకుండా ఇవతలికి రాలేరని. వీళ్లు గోడ దూకి వచ్చారు.

మొదటి కొరింథీ ఆరో అధ్యాయంలో దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ల జాబితా ఉంది. తీర్మానంలో దాన్నే చదివారు. "పురుష సంయోగులైనను" దాకా వచ్చేసరికి సెక్రటరీ గారి గొంతు పైకప్పుకి తగిలింది, అక్కడ కాగితం మడిచారు. ఇంకొక్క ఊపిరి పట్టి చదివుంటే ఆ జాబితాలోనే దొంగలు, లోభులు, త్రాగుబోతులు, దూషకులు, దోచుకొనువారు ఉన్నారు. దూషకులు అంటే నోరు పారేసుకునేవాళ్లు అయ్యా! గద్దించేవాళ్ల పేరు అదే లిస్టులో, నాలుగు మెట్లు కింద ఉంది. ఇక లోభులంటారా, హోస్కోటె దగ్గర స్థలం అని 2016లో కట్టిన ఫ్లెక్సీ ఇప్పటికీ మా మెట్ల దగ్గర వేలాడుతోంది, స్థలం ఎక్కడుందో, బిల్డింగ్ ఫండ్ ఎక్కడుందో ప్రభువుకీ ట్రెజరర్ గారికీ తెలుసు. దాని మీద తీర్మానం ఏ ఆదివారమో చెప్తే బిరియానీ నా సొంత డబ్బుతో తెస్తాను.

మావాళ్లననేం లాభం, బిషప్పులే అంత. 1998లో ప్రపంచంలోని ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి శాఖ, బిషప్పులంతా ఇంగ్లండులో లాంబెత్ సభలకి కూడి, స్వలింగ సంపర్కం లేఖనాలకి విరుద్ధమని 526–70 ఓట్లతో తీర్మానించారు. ఆ ముక్క అందరికీ కంఠతా వచ్చు. అదే తీర్మానంలో స్వలింగ సంపర్కుల అనుభవాలు వింటామని మాటిచ్చారు, వాళ్లంటే ఉండే అర్థంలేని భయాన్ని ఖండించమన్నారు. అది ఎవరికీ గుర్తుండదు. ఎంత శ్రద్ధగా విన్నారంటే, ఆ సభలప్పుడే ఒక నైజీరియా బిషప్పు, స్వలింగ సంపర్కులైన క్రైస్తవుల సంస్థ నడిపే ఒకాయన నెత్తిమీద చెయ్యి పెట్టి, అందరూ చూస్తుండగా ఆరుబయట దయ్యం వెళ్లగొట్టబోయాడు. 2003లో ఇంగ్లండులోనే జెఫ్రీ జాన్ అనే ఆయన్ని రెడింగ్‌కి బిషప్పుగా ప్రకటించారు. ఆయనకి తోడుగా ఒక పురుషుడున్నాడు, కానీ మేం బ్రహ్మచర్యంలోనే ఉన్నాం, సంఘం నియమం తప్పలేదు అని చెప్పాడు. అయినా గోల ఆగలేదు, పదవిలోకి రాకముందే తప్పుకోవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరు 2న అమెరికాలో, స్వలింగ సంపర్కుణ్ణని దాచకుండా చెప్పుకున్న జీన్ రాబిన్సన్‌కి బిషప్పుగా అభిషేకం చేస్తే, అది ఒక ఐస్ హాకీ స్టేడియంలో జరిగింది, ఆయన పవిత్ర వస్త్రాల కింద తూటాలు తగలకుండా కవచం తొడుక్కుని నిలబడ్డాడు. ఆయన అభిషేకం తప్పే అనుకుందాం, నా మటుకు నేను వాదించను. ప్రేమతో గద్దించేవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు మనిషికి కవచం ఎందుకు కావలసి వచ్చిందో ఎవరైనా చెప్పండి.

ఇక ఆ అబ్బాయి.

ఎవరో చెప్పను. ఏలూరు వైపు నుంచి వచ్చాడు, నైట్ షిఫ్టు ఉద్యోగం, శనివారం నిద్ర మానుకుని ప్రాక్టీసుకి వచ్చేవాడు. సేవకి వెళ్లాలని వాడి కోరిక. బైబిలు కాలేజీకి అప్లై చేయడానికి సంఘం నుంచి సిఫార్సు లేఖ కావాలి. ఆ లేఖ అడిగేముందు, దాచిపెట్టి తీసుకోవడం మోసం అనుకుని, పాస్టరు అయ్యగారి దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. నా మనసు ఆడవాళ్ల వైపు వెళ్లదండీ, పెళ్లి చేసుకుని ఒక అమ్మాయి బతుకు పాడుచేయలేను, ఒంటరిగా ఉండి పనిచేసుకుంటాను అని. మావాళ్ల పుస్తకం ప్రకారమే చూడండి, ఇందులో తప్పేది? పౌలు కూడా ఒంటరివాడే కదా!

మా దగ్గర ఒకరి రహస్యాన్ని ఊరంతా చాటడాన్ని ప్రార్థన మనవి అంటారు. బుధవారానికి అది కమిటీకి ప్రార్థన మనవి అయింది. శుక్రవారానికి ఏలూరులో ఉన్న వాళ్లమ్మకి సెక్రటరీ గారి ఫోను అయింది. ఆదివారం ఆరాధన అయ్యాక, స్పీకర్లూ పాత కుర్చీలూ పడేసే వెనక గదిలో విమోచన ప్రార్థన అయింది.

నలుగురు పట్టుకున్నారు. ఒలీవ నూనె సీసా సగం వాడి నెత్తిన పోశారు. "బయటికి రా, బయటికి రా" అని చెవిలో అరుపులు, ముప్పావుగంట. వాడు లోపల "అయ్యగారూ, నేను ఏం చేయలేదండీ" అంటున్నాడు, దానికి "నోరు ముయ్యి, నీతో కాదు, నీలో ఉన్నదానితో మాట్లాడుతున్నాం" అని జవాబు. నూనెకి కాలు జారి పడితే స్తోత్రాలు. నోరు పారేసుకోవడానికి కూడా ధైర్యం కావాలి, అమెరికా వాడి ముందు లేని ఆ ధైర్యం పాతికేళ్ల పిల్లాడి ముందు, తలుపు వేసుకుని, ఎలా వచ్చిందయ్యా మీకు? 692 మంది ఓటేస్తే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారే, వీడొక్కడు నిజం చెబితే నలుగురు కావలసి వచ్చారా? సిగ్గుందా?

నాకూ లేదు. నేను తలుపు బయట నిలబడ్డాను. వాడి కళ్లద్దాలు విరుగుతాయని ఎవరో నా చేతికిచ్చారు. వాటిని పట్టుకుని, ముప్పావుగంట, గట్టిగా తలుపు కూడా తట్టకుండా నిలబడ్డాను. అద్దాల మీద ఎవరిదో నూనె వేలిముద్ర ఉంది. చొక్కా అంచుతో ఎంత తుడిచినా అది అలుక్కుపోయిందే తప్ప పోలేదు.

వాడు మళ్లీ రాలేదు. పది రోజుల తర్వాత రాత్రి మా గదికి వచ్చి, "అన్నా, కీబోర్డు అడాప్టరు నా బ్యాగులో ఉండిపోయింది. చర్చిది కదా, ఇచ్చెయ్యి" అని చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఆరాధనకి పెన్‌డ్రైవులో ట్రాకులు వేస్తున్నారు. కీబోర్డు మీద తువ్వాలు కప్పి ఉంది. మొన్న కమిటీ ఎజెండాలో "అడాప్టరు విషయం" లిఫ్టు రిపేరు కంటే పైకి ఎక్కింది. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్.పి. రోడ్డులో వెతికితే కొత్తది దొరుకుతుంది, కానీ కొందామని ఒక్కరూ అనలేదు. సంఘం ఆస్తి అపహరణ అంటున్నారు, ఆ అబ్బాయికి గద్దింపు లేఖ పంపాలంటున్నారు, ఈసారి పిన్‌కోడ్ కూడా ఉంది. అడాప్టరు నా బీరువాలో, కింది అరలో ఉంది. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. బిరియానీ తెచ్చేవాణ్ణి కదా.